లారీకి ఇరవై, ఎడ్లబండికి ఉచితం

ఆర్మూరు నుంచి తిరిగొచ్చాక మన సంఘంలో ప్రతివారూ అడుగుతున్నది ఒకటే: "కూడికలు ఎలా జరిగాయి?" ఉన్నమాట చెబుతాను. నా ప్రసంగాలు బాగా జరగలేదు. మొదటిరోజే గొంతు పోయింది. అయినా ఇన్నేళ్ళలో వాక్యం పట్టుకుని తిరిగిన ఊళ్ళన్నిటిలో, దేవుడు పని చేస్తుండగా కళ్ళారా చూశానని ధైర్యంగా చెప్పగలిగిన ఊరు ఇదే. అది నా ప్రసంగం వల్ల జరిగింది కాదు. ఒక వెదురు గేటు దగ్గర, లారీల మీద వేసిన సుంకం విషయంలో జరిగింది. అటు వెళ్ళని మీ కోసం ఇది రాస్తున్నాను.

నల్లగుండ్ల కింద

సికింద్రాబాదులో చిన్న రైలెక్కి నిజామాబాదులో దిగాను. అక్కడి నుంచి ఆర్మూరుకు ఎర్రబస్సు. దారి పొడవునా మొక్కజొన్న, పసుపు. ఆర్మూరు దగ్గర పడుతుండగా కొండ కనిపించింది. మన వైపు కొండ అంటే ఆకుపచ్చగా ఉంటుంది. ఇది నల్లటి గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంది. పేర్చిన చెయ్యి ఎవరిదో నాకు తెలుసు కనుక మనసులోనే స్తోత్రం చెప్పుకున్నాను.

బస్టాండులో దిగగానే పసుపు వాసన. దుగ్గిరాల పక్కన పుట్టిన నాకు ఆ వాసన కొత్త కాదు. కానీ అక్కడ చాయ్ కూడా పసుపు వాసనే వేసింది. రూపాయికి చిన్న గ్లాసు. అందులో చక్కెర మన రెండు గ్లాసులకు సరిపోతుంది. తక్కువ వేయమంటే హోటలాయన నా ముఖం చూసి, "షుగరుందా సారు?" అన్నాడు జాలిగా.

నన్ను పిలిచింది మా చెల్లెలి కొడుకు ప్రకాశం. ఆర్మూరులో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాడు. సాయంత్రాలు అక్కడి విశ్వాసుల ఇళ్ళలో ప్రార్థన కూడికలు పెడతాడు. ఉండేది మాత్రం ఆర్మూరుకూ ఆలూరుకూ నడుమ ఒక పల్లెలో, గంగవ్వ అనే రైతు ఇంట్లో అద్దెకు. ఆ పల్లె పేరు రాయనని ఊరివారికి మాట ఇచ్చాను. సర్కారును అడగకుండా పెట్టుకున్న గేటు సంగతి ఇందులో ఉంది మరి.

గంగవ్వ కల్లం

బస్సు దిగి మట్టిరోడ్డు మీద నడుస్తూ, ఎదురుగాలి హాయిగా ఉందని కీర్తన అందుకున్నాను. పల్లవి పూర్తి కాలేదు. ఇసుక లారీ ఒకటి పక్కనుంచి పోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా దుమ్మంతా లోపలికి పోయింది. వెనకాలే ఇంకో లారీ, దాని వెనక ఖాళీది మరొకటి. ఇల్లు చేరేసరికి నా తెల్లచొక్కా ఏ రంగో చెప్పలేని స్థితిలో ఉంది. ఆ సాయంత్రం ఆర్మూరు కూడికలో నేను దగ్గుతుంటే ప్రకాశమే వాక్యం చదివి ముగించాడు.

"ఏంది సారు, గట్ల దగ్గుతున్నవ్? జర పసుపు పాలు తాగు" అంటూ మర్నాడు పొద్దున్నే గంగవ్వ గ్లాసు చేతికిచ్చింది. అరవై దాటిన మనిషి. మన వైపు ఇంటికొచ్చిన పెద్దవాణ్ణి "మీరు" అంటాం. ఇక్కడ "నువ్వు" అంటారు. రెండు రోజుల్లో నాకు అదే దగ్గరగా తోచింది.

ఆమె కల్లం రోడ్డును ఆనుకునే ఉంది. ఉడికించిన పసుపు కొమ్ములు నేలంతా పరిచి ఉన్నాయి. మన వైపు కల్లాలు చేల మధ్యలో ఉంటాయి. ఇక్కడ బండ్లు ఎక్కించడానికి వీలని రోడ్డు పక్కనే చేసుకున్నారు, లారీలు రాకముందు. ఒక కొమ్ము తీసి గోటితో గీకి చూశాను. పైన నల్లటి పొర.

"తడి మీద పడ్డ దుమ్ము ఊడదు సారు" అంది గంగవ్వ. "పోయినేడు ఆర్మూరుల సేటు కుప్ప చూసి నవ్విండు. అవ్వా, నువ్వు పసుపు తెచ్చినవా, బొగ్గు తెచ్చినవా అన్నడు."

"తోమితే పోదా?"

"తోమితె పసుపే సగమైతది." ఆమె కొమ్ము అవతల పడేసింది. "పసుపు ఎట్లనో గట్ల అమ్ముకుంట. పిల్లదాని సంగతే ఏం జెయ్యాలె?"

పిల్లదంటే మనవరాలు సుజాత. ఐదేళ్ళు. పోయిన ఏడాది ఈ రోజుల్లోనే ఊపిరి ఆడక ఈలలు వేసినట్టు గురక వస్తే దవాఖానకు తీసుకుపోయారట. ఈ రోడ్డు పక్కన పిల్లను ఉంచవద్దని డాక్టరు చెప్పాడు. తల్లి ఆమెను తీసుకుని భీమ్‌గల్‌లో పుట్టింటికి వెళ్ళింది. అప్పటి నుంచి అక్కడే ఉన్నారు. గంగవ్వ కొడుకు వారానికోసారి వెళ్ళి చూసొస్తాడు.

"లారీలు తగ్గితె తోలుకొస్తనన్నది కోడలు. తగ్గకుంటె బిడ్డను గాడనే బడిల ఏస్తదట. ఇగ నా ఇంటికి చుట్టం లెక్క వస్తది" అంది గంగవ్వ. అని చీపురు తీసుకుని కొమ్ముల మీద దుమ్ము ఊడ్వసాగింది. ఊడ్చిన చోటే మళ్ళీ పడుతోంది.

ఏదైనా హర్రాజే

ఇక్కడ నాకు అర్థం కానిది ఒకటుంది. ఊరి మొగదలలో గేటు ఉంది. ఒక కొసకు బండ కట్టిన వెదురుబొంగు. పక్కనే పందిరి కింద భూమన్న అనే నలభై ఏళ్ళ మనిషి కూర్చుని లారీల దగ్గర డబ్బు వసూలు చేస్తున్నాడు. లారీలను ఆపడానికి పెట్టిన గేటేనట. అయినా లారీలు ఆగకుండా వస్తున్నాయి.

ఆ సంగతి తెలియాలంటే ఈ ప్రాంతపు ఆచారం ఒకటి చెప్పాలి. ఇక్కడ ప్రతి ఊళ్ళో అన్ని కులాలవారూ కూర్చుని ఒక కమిటీ పెట్టుకుంటారు. ఊరి సొమ్మన్నది ప్రతిదీ ఏటా హర్రాజు వేస్తారు. హర్రాజంటే మన వేలంపాటే. చెరువులో చేపలు హర్రాజు, చింతచెట్లు హర్రాజు, కోళ్ళమ్ముకునే హక్కు కూడా హర్రాజే. వచ్చిన డబ్బుతో గుడి, బడి, బోరింగు బాగుచేసుకుంటారు. మన ఊళ్ళలో ఇలాంటివి నలుగురు ఆసాములు అరుగు మీద తేల్చేస్తారు. ఇక్కడ అందరి ఎదుట తేలుతుంది. ఇది నాకు ఎంతో నచ్చింది.

ఈ మట్టిరోడ్డు ఊరివాళ్ళు తట్టలతో మన్ను మోసి సొంతంగా వేసుకున్నది. ఆర్మూరు కూడలిలో రద్దీ తప్పించుకోవడానికి లారీలు దీన్ని అడ్డదారి చేసుకున్నాయి. తారురోడ్డున పోతే కాస్త చుట్టు, అంతే. అందుకని రెండేళ్ళ కిందట కమిటీ ఒక ధర పెట్టింది. లారీకి ఇరవై రూపాయలు, ట్రాక్టరుకు రెండు, ఎడ్లబండికి ఏమీ లేదు. ఇరవై కట్టడం కంటే చుట్టు తిరగడమే మేలని లారీలవాళ్ళు అనుకోవాలని ఉద్దేశం. మొదటి నెల అలాగే అనుకున్నారు కూడా.

తర్వాత ఎవరికో తోచింది: గేటూ ఊరి సొమ్మే కదా, హర్రాజు వేయాలి కదా? వేశారు. భూమన్న పాడుకున్నాడు.

"మరి ఇరవై ఎందుకు తీసుకోవడం లేదు?" అని అతన్నే అడిగాను. అతను ఐదు రూపాయలే తీసుకోవడం చూశాను.

"ఇరవై అంటె ఎవడొస్తడు సారు?" అన్నాడు భూమన్న, నేనేదో తెలియక అడిగినట్టు. "నేను ఊరికి పైసలు కట్టిన. లారీ రాకుంటె నాకెట్ల ఎల్తది? లారీల అడ్డా కాడికి పోయి డ్రైవర్లకు చెప్పొచ్చిన, మా తొవ్వల రాండ్రి, ఐదే అని."

అతని మాటలో దాపరికం లేదు. మోసం చేస్తున్న మనిషి ముఖం కాదది. సుంకం వసూలు చేసే మనిషిని లోకం ఎప్పుడూ పాపి అంటుంది. మన ప్రభువు మాత్రం అలాంటివాడి ఇంటికే వెళ్ళి భోజనం చేశాడు. నేనూ భూమన్న ఇంట్లో ఆ మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు తిన్నాను. పచ్చిపులుసు మన చారుకు అన్నలాంటిది, కాచరు. గొంతు ఇంకా పోయింది, కానీ రుచి పోలేదు. అతని పెరట్లో రెండు జతల ఎడ్లు కట్టేసి ఉన్నాయి. "లారీలు వచ్చినంక వీటికి కిరాయి లేదు సారు, ఉత్తగ మేస్తున్నయి" అన్నాడు.

పోచంపాడ్

మర్నాడు కూడిక లేదు. ప్రకాశం నన్ను పోచంపాడ్ తీసుకెళ్ళాడు. ఆనకట్ట మీద నిలబడి గోదావరిని చూశాను. కృష్ణ ఒడ్డున పెరిగినవాణ్ణి, నది అంటే మాదే అన్న గర్వం కొంచెం ఉండేది. అక్కడితో తగ్గింది. గట్టు కింద ఒకామె చేపముక్కలు కారం పట్టించి పెనం మీద కాలుస్తోంది. మన పులుసు కంటే బాగున్నాయని ఇంట్లో అనకండి.

తిరిగొస్తుంటే ప్రకాశం అన్నాడు: "మావయ్యా, రేపు గేటు హర్రాజు. ఈసారీ భూమన్నకే పోతుంది. గంగవ్వ ఆడవాళ్ళందరి ఇళ్ళకూ తిరిగింది. ఏం చేస్తుందో తెలీదు."

ఆ సాయంత్రం ప్రార్థనలో ఆ ముసలామె పేరు, ఆ పిల్ల పేరు ఎత్తి అడిగాను. భూమి ఆయనది, మనం గృహనిర్వాహకులం మాత్రమే. గాలి కూడా ఆయనదేనని ఆ రోజు వరకు నేను ఏ ప్రసంగంలోనూ చెప్పలేదు.

ఇరవై రూపాయల పాట

బడి వరండాలో జనం కూర్చున్నారు. ఊరి పెద్ద లింగన్న, తలకు తెల్లరుమాలు చుట్టుకుని, మధ్యలో ఉన్నాడు. ఆడవాళ్ళు గోడ పక్కన. నన్ను కుర్చీలో కూర్చోబెట్టారు. నేల మీదే కూర్చుంటానంటే ఒప్పుకోలేదు.

చెరువు అయింది, చింతచెట్లు అయ్యాయి. "ఇగ గేటు. పోయినేడు నాలుగు వేలకు పోయింది. ఎవలు పాడుతరో పాడుండ్రి" అన్నాడు లింగన్న.

"నాలుగున్నర" అన్నాడు భూమన్న. వెనకనుంచి ఎవరో "ఐదు" అన్నారు. భూమన్న మళ్ళీ "ఐదున్నర" అన్నాడు.

"ఐదున్నర ఒకటోసారి..."

"ఆగు లింగన్నా. నేను పాడుత." గంగవ్వ లేచి నిలబడింది.

అందరూ తిరిగి చూశారు. "నువ్వా గంగవ్వా? పాడు, పాడు" అన్నాడు లింగన్న నవ్వుతూ.

"ఇరవై రూపాయలు."

వరండా అంతా గొల్లుమంది. "ఇరవైకి చింతచెట్టు కొమ్మ కూడ రాదు పెద్దవ్వా!" అని ఒకడు అరిచాడు. "పెద్దవ్వకు కల్లుకు కూడ చాలవు గవి" అన్నాడు ఇంకొకడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి" అంది గంగవ్వ కదలకుండా. "ఏడాదంత ఒక్క లారీ వస్తదనుకొని పాడిన. ఒక్క లారీకి ఇరవై. భూమన్న ఎన్ని లారీలు వస్తయనుకొని పాడుతున్నడో గది అడుగుండ్రి."

నవ్వు ఆగిపోయింది. లింగన్న భూమన్న వైపు చూశాడు. "ఎన్నిరా?"

భూమన్న తల గోక్కున్నాడు. "రోజుకు నాలుగైదన్న రాకుంటె నాకు గిట్టదు కాకా. ఎన్నొస్తె గంత మంచిది."

"మరి మనం గేటు పెట్టింది లారీలు రావాలనా, రావద్దనా?" గంగవ్వ గొంతు పెద్దది కాలేదు. "వీడు పొద్దంత లారీ ఎప్పుడొస్తదా అని కూసుంటడు. నేను ఎప్పుడు పోతదా అని కూసుంట. ఇద్దరికి ఒకటే గేటు. పాట పెరిగినకొద్ది లారీలు పెరుగుతయి. పోయినేడు నాలుగు వేలు తీసుకొని సంబురపడ్డరు. నా పిల్ల దమ్మును అమ్ముకున్న పైసలు గవి."

 గుడిపని చూసే మనిషి అందుకున్నాడు. "మాట బాగనే ఉంది. గుడి కప్పు సగంల ఉన్నది. పైసలు యాడికెల్లి తెస్తరు?" దాంతో ఒక్కసారే పదిమంది. కప్పు ముఖ్యమని కొందరు, పసుపు ముఖ్యమని కొందరు. పాట వద్దంటే ఆచారం తప్పినట్టని ఇంకొందరు. వాదన ముదిరింది. గంగవ్వ అలాగే నిలబడి ఉంది. 

లింగన్న నా వైపు తిరిగి, "సారు, నువ్వు నాలుగూళ్ళు తిరిగినోనివి. ఒక మాట చెప్పు" అన్నాడు.

పోయిన గొంతుతోనే మన సంఘం సంగతి చెప్పాను. ఆరాధనకు ఆలస్యంగా వచ్చేవారికి మనం ఒకప్పుడు అర్ధరూపాయి జరిమానా పెట్టాం, గుర్తుందా? ఆ డబ్బుతో దీపాలు కొందామనుకున్నాం. నాలుగు వారాలకు అందరూ వేళకే రావడం మొదలుపెట్టారు. అప్పుడు దీపాల కమిటీవారు దిగులుగా నా దగ్గరికొచ్చి, "అయ్యా, ఈ మధ్య ఎవరూ ఆలస్యంగా రావడం లేదు, ఆరాధన అరగంట ముందుకు జరపలేమా?" అన్నారు.

అందరికంటే ముందు నవ్వింది లింగన్న. "మనం గూడ గంతే జేసినం" అన్నాడు తొడ చరుచుకుని. "రేటు పెట్టింది లారీల మీద. ఆశ పెట్టుకున్నది పైసల మీద."

"అంటె నేను దొంగనా?" భూమన్న లేచాడు. ముఖం ఎర్రబడింది. "అందరి ముంగట పాడి తీసుకున్న!"

"దొంగవని ఎవలన్నరు రా?" అంది గంగవ్వ. "మేమే నిన్ను గాడ కూసోబెట్టినం. నీ జాగాల నేనున్నా గదే జేస్తుంటి."

ఆ ఒక్క మాటతో అతను కూర్చున్నాడు. ఆమె అతన్ని నలుగురిలో ఓడించి ఉంటే ఆ రోజు పని జరిగేది కాదని నా నమ్మకం.

చివరికి తేలిందిది. గేటుకు హర్రాజు ఉండదు. రోడ్డు పక్క కల్లాలవాళ్ళే వంతులేసుకుని కాస్తారు. లారీ వస్తే ఎక్కువ నష్టపోయేది వాళ్ళే కనుక ధర తగ్గించరు. లారీకి ఇరవై, సరుకు లేకుండానే దుమ్ము లేపుతుంది కనుక ఖాళీ లారీకి నలభై, ఎడ్లబండికి ఎప్పటిలాగే ఉచితం. వచ్చిన కాస్తా రోడ్డు మీద నీళ్ళు చల్లడానికి. గుడి కప్పుకు పసుపు అమ్మినవారు తలా కొంత ఇస్తారు. గుడిమనిషికి ఇది నచ్చలేదు, నచ్చలేదనే చెప్పాడు. లింగన్న ఒక్కటి మాత్రం కలిపాడు: "బస్తాలు తారురోడ్డు దాక బండ్ల మీద పోతయి. భూమన్నా, నీ ఎడ్లు ఖాళీనే గద?"

 "కిరాయి ఎంతిస్తరు?" అన్నాడు భూమన్న. అందరూ మళ్ళీ నవ్వారు.

వెనక్కి తిరిగిన లారీ

నేను మర్నాడే బయలుదేరాలి. వెళ్ళలేకపోయాను. ఏమవుతుందో చూడాలనిపించింది.

మొదటి వంతు గంగవ్వదే. పందిరి కింద కూర్చుని గోంగూర తెంపుకుంటోంది. మొదటి లారీ వచ్చింది. డ్రైవరు ఐదు రూపాయల నోటు బయటికి చాచాడు.

"ఇరవై" అంది గంగవ్వ.

"మొన్నటిదాంక ఐదే గదనే అవ్వా!"

"మొన్నటిదాంక నువ్వు మాకు చుట్టానివి. ఇయ్యాల్టి సంది బాటసారివి."

అతను గొణిగాడు, హారను కొట్టాడు, బొంగు వంక చూశాడు. ఆమె గోంగూర తెంపుతూనే ఉంది. ఆ ఇరుకు రోడ్డులో లారీ వెనక్కి తిప్పడానికి చాలాసేపు పట్టింది. ఊళ్ళో పిల్లలంతా చేరి "రానియ్, రానియ్" అని కేకలు వేశారు. రెండోవాడు ఇరవై కట్టి పోయాడు. మధ్యాహ్నానికి అడ్డాలో కబురు పాకినట్టుంది, ఇక రాలేదు.

సాయంత్రం లింగన్న వచ్చి "ఎంతొచ్చింది?" అని అడిగాడు.

"ఇరవై" అంది గంగవ్వ.

"మస్తు తక్కువొచ్చింది" అన్నాడాయన సంతోషంగా. వసూలు తగ్గితే మురిసిపోయిన పెద్దమనిషిని నేను ఇంతవరకు ఏ సంఘంలోనూ చూడలేదు.

లారీలు మాయమైపోయాయని నేను చెప్పడం లేదు. తారురోడ్డున పోతున్నాయి. కానీ అక్కడ ఆ దుమ్ము లేదు, కల్లాలు లేవు. ఖాళీగా తిరిగేవి మునుపటిలా కనిపించడం లేదని ఆర్మూరులో చాయ్ హోటలాయన కూడా అన్నాడు. మనుషుల మనసు మారేదాకా ఆగాలంటే ఆ పిల్ల పెద్దదైపోయేది. ధర మారింది, దారి మారింది. దేవుడు దీన్ని కూడా వాడుకుంటాడని ఇప్పుడు నాకు సందేహం లేదు.

భీమ్‌గల్

నేను ఆగాను కనుక ప్రకాశం నా ఆఖరి కూడిక భీమ్‌గల్‌లో పెట్టాడు. గంగవ్వ నాతోపాటే బస్సెక్కింది. కొండలు, చెరువులు దాటుతుంటే ఆమె కిటికీలోంచి చూడనేలేదు. కొంగు ముడి విప్పుతూ, కడుతూ కూర్చుంది.

కోడలు ఆమెను చూసి ఆనందించింది గానీ లారీలు తగ్గాయంటే నమ్మలేదు. "రెండొద్దులకే ఏం తెలుస్తది అత్తమ్మా? మొదట గేటు పెట్టినప్పుడు గిట్లనే అన్నరు."

"అప్పుడు హర్రాజేసిండ్రు. ఇప్పుడు నేనే కూసుంటున్న" అంది గంగవ్వ.

సుజాత నాయినమ్మ ఒళ్ళోకి ఎక్కేసింది. "లారీలు పోయినయా?"

"ఇరవై అడిగిన బిడ్డా. ఉరికినయి."

కోడలు లేచి పిల్ల గౌన్లు మూట కట్టింది. "వస్త. గని మూట విప్ప. పిల్లకు గురకొస్తె తెల్లారి బస్సుకే మళ్ళొస్త" అంది. గంగవ్వ తల ఊపింది. 

బస్సు దిగేచోట భూమన్న బండి కట్టుకొచ్చాడు. మట్టిరోడ్డు మీద నీళ్ళు చల్లిన వాసన. గేటు దగ్గర వంతుకున్న మనిషి బొంగు ఎత్తాడు. "బండికి పైసల్లేవు, పోండ్రి" అన్నాడు. కోడలు మాత్రం దారంతా పిల్ల వీపు మీద చెయ్యి వేసి ఊపిరి చూస్తూనే ఉంది. ఇంటికెళ్ళాక చెవి ఆనించి విన్నది.  మూట గోడవార కట్టినట్టే ఉంది.

ఇంకో రెండు రోజులు ఉండమని గంగవ్వ పట్టుబట్టింది. ఉన్నాను. రెండు రోజులూ పొద్దున లేవగానే ఇంట్లో అందరి కళ్ళూ ఆ మూట మీదికే పోయేవి. మూడోరోజు నా సంచి సర్దుకుని బయటికి వచ్చాను. గంగవ్వ కల్లంలో కొమ్ములు తిరగేస్తోంది. సుజాత ఆమె వెనక గెంతుతోంది. కోడలు పెరటివైపు నీడ వదిలేసి, రోడ్డువైపు తీగ మీద మూటలోని పిల్ల తెల్లగౌన్లు ఒక్కొక్కటే దులిపి ఆరేస్తోంది.